రికార్డుల అనుసంధానం – మాజీ సైనికుల ఆత్మహత్యలు

జగిత్యాల జిల్లాలో గొల్లపల్లి ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న పాత కరీంనగర్ జిల్లాను విభజించినప్పుడు జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలు జగిత్యాల జిల్లాగాను, సిరిసిల్ల ప్రాంతం రాజన్న సిరిసిల్ల జిల్లాగాను ఏర్పడినవి. ఈ ప్రాంతంలో పుట్టిన ఒక మనిషి జీవితం ఎన్ని పుస్తకాలలో వ్రాయబడి ఉంటుందో ఆలోచిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పుట్టుక గ్రామపంచాయతీ రిజిష్టరులో ఉంటుంది. చదువు పాఠశాల ప్రవేశపు రిజిష్టరులో ఉంటుంది. భూమి ఉంటే పహాణీలోను, పట్టాదారు పాసు పుస్తకంలోను పేరు ఎక్కుతుంది. సైన్యంలో చేరితే రికార్డు ఆఫీసులో ఒక కాగితాల కట్ట తయారవుతుంది. జబ్బు చేస్తే ఆసుపత్రిలో చీటీ వ్రాస్తారు. చివరకు మరణం మళ్ళీ పంచాయతీ రిజిష్టరుకే చేరుతుంది. అది అసహజ మరణమైతే పోలీసు ఠాణాలో పంచనామా కూడ ఉంటుంది.

ఈ పుస్తకాలన్నీ ఒకే మనిషిని గూర్చినవి. ఐతే వీటిని వ్రాసినవారు వేరు, వ్రాసిన అవసరాలు వేరు. ఒక పుస్తకంలో ఏమున్నదో మరొక పుస్తకానికి తెలియదు. సామాన్యంగా దీనివలన పెద్ద నష్టం కనిపించదు. కాని కొన్ని ప్రశ్నలకు ఏ ఒక్క పుస్తకము సమాధానం చెప్పలేదు. సైన్యం నుండి ఇంటికి తిరిగివచ్చిన వారిలో ఎందరు ఆత్మహత్య చేసుకొన్నారు? వారు ఎవరు? తిరిగివచ్చిన ఎంతకాలానికి? ఇట్టి ప్రశ్న వేసినవెంటనే చిక్కు బయటపడుతుంది. ఉద్యోగం వదిలిన రోజున సైనికుడి పేరు సైన్యపు పుస్తకం నుండి తొలగిపోతుంది. పది సంవత్సరాల తరువాత అతడు చనిపోతే మరణాల రిజిష్టరులో అతడొక రైతుగానో, కాపలాదారుగానో కనిపిస్తాడు. సైనికుడుగా ఉన్న సంగతి ఒక పుస్తకంలో, చనిపోయిన సంగతి మరొక పుస్తకంలో ఉండిపోతుంది.

ఈ రెండు పుస్తకాలను కలిపి చదివే పద్ధతికి రికార్డుల అనుసంధానమని పేరు. అది ఎట్లు పుట్టినది, మాజీ సైనికులను గూర్చి ఏమి తెలిపినది, తెలుగునాట దాని అవసరం ఎంత ఉన్నది అనేవి తెలిసికొనదగిన విషయాలు.

బ్యారకులలోని మరణాలు

మరణాల జాబితాల నుండి విజ్ఞానాన్ని రాబట్టవచ్చునని మొదట చూపినవాడు లండను వర్తకుడు జాన్ గ్రాంట్. 1662లో అతడు ఆ నగరపు మరణ పట్టికలను పరిశీలించి ఒక గ్రంథం ప్రకటించాడు. ఆ పట్టికలలో తమ ప్రాణం తాము తీసుకొన్నవారికి కూడ ఒక వరుస ఉన్నది.

ఇంగ్లండులో 1837లో జనన మరణాల రిజిష్ట్రేషను ఆరంభమైన తరువాత ఆ కార్యాలయంలో పనిచేసిన విలియం ఫార్ అనే వైద్యుడు ఈ లెక్కలను శాస్త్రంగా మలచినాడు. క్రిమియా యుద్ధానంతరం ఫ్లారెన్సు నైటింగేలు ఆయన సహాయంతో సైన్యపు మరణాలను పరిశీలించింది. యుద్ధం లేని కాలంలో, స్వదేశంలోని బ్యారకులలో ఉన్న యువ సైనికులు అదే వయస్సుగల పౌరులకంటె దాదాపు రెట్టింపు సంఖ్యలో చనిపోతున్నారని 1858 నాటికి తేలింది. సైన్యంలోనికి ఆరోగ్యవంతులనే ఏరి తీసుకొంటారు గదా! అట్టివారు ఎక్కువగా చనిపోవటమేమి? పారిశుద్ధ్యం లేని, గాలి వెలుతురు చొరని, కిక్కిరిసిన బ్యారకులే ఇందుకు కారణమని నిర్ణయించారు. సైన్యపు లెక్కను, పౌరుల లెక్కను పక్కపక్కన పెట్టి పోల్చటం వలన ఈ సంగతి బయటపడింది.

1897లో ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమీల్ దుర్ఖైమ్ ఆత్మహత్యను గూర్చి ప్రసిద్ధ గ్రంథాన్ని ప్రకటించాడు. ఆయన మేనల్లుడు మార్సెల్ మోస్ సుమారు 26,000 ఆత్మహత్యల కాగితాలను వయస్సు, వివాహ స్థితి మొదలైనవాటిని బట్టి వర్గీకరించి సహాయపడినాడు. యూరపు దేశాలలో సైనికుల ఆత్మహత్యల రేటు అదే వయస్సు పౌరుల రేటుకంటె ఎక్కువగా ఉన్నదని దుర్ఖైమ్ చూపినాడు. సైనిక జీవితంపై విసుగే కారణమైతే కొత్తగా చేరినవారిలో ఎక్కువ ఉండవలసినది. కాని ఆయన పట్టికలలో సర్వీసు పెరిగినకొలది రేటు పెరిగింది. ఇందుకు కారణం మనిషి తన వ్యక్తిత్వాన్ని దళంలో కలిపివేసికొనటమేనని ఆయన వాదించాడు.

ఈ పరిశోధన గొప్పదే. ఐతే దానిలో రెండు లోపాలున్నవి. మొదటిది: ఆ పట్టికలు సైన్యంలో ఉన్నవారివి, సైన్యం వదిలి వెళ్ళినవారు వాటిలో లేరు. రెండవది: అవి గుంపుల లెక్కలే గాని వ్యక్తుల చరిత్రలు కావు. ఒక గుంపులో రెండు లక్షణాలు కలిసి కనిపించినంతమాత్రాన అవి ఒకే వ్యక్తిలో కలిసి ఉన్నవని చెప్పరాదు. ఈ ప్రమాదాన్ని 1950లో రాబిన్సన్ అనే అమెరికను సామాజిక శాస్త్రవేత్త గణితం ద్వారా విశదం చేశాడు. ఈ లోపాలను తొలగించాలంటే వ్యక్తిని అతని జీవితం పొడవునా అనుసరించక తప్పదు.

జీవిత గ్రంథం

1946లో అమెరికాలో జనన మరణాల గణాంకశాఖకు అధిపతిగా ఉన్న హాల్బర్ట్ డన్ ఒక చిన్న వ్యాసం వ్రాశాడు. ప్రతి మనిషి ఒక జీవిత గ్రంథాన్ని సృష్టిస్తాడనీ, అది జననంతో మొదలై మరణంతో ముగుస్తుందనీ, దాని పుటలు వేర్వేరు కార్యాలయాలలో చెదరి ఉన్నవనీ ఆయన భావం. ఆ పుటలను ఏరి ఒక సంపుటంగా కుట్టే పనికి ఆయన పెట్టిన పేరే నేటికి నిలిచింది.

లక్షల కాగితాలను చేతితో వెదకి కలపటం సాధ్యం కాదు. 1959లో కెనడాలోని చాక్ రివర్ అణుశక్తి కేంద్రంలో పనిచేసే హవర్డ్ న్యూకోంబ్, అతని సహచరులు ఈ పనిని కంప్యూటరుచేత చేయించి చూపినారు. అణు వికిరణం వలన సంతానానికి కలిగే హానిని తెలిసికొనటం వారి ఉద్దేశం. అందుకై బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోని వివాహాల కాగితాలను, జననాల కాగితాలను కలిపినారు. 1962లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో డొనాల్డ్ ఆచెసన్ ఆసుపత్రి కాగితాలను జనన మరణాల కాగితాలతో కలిపే పరిశోధనను ఆరంభించాడు. 1969లో కెనడాకు చెందిన ఫెలిగి, సంటర్ అనే ఇద్దరు గణాంక శాస్త్రజ్ఞులు ఈ పద్ధతికి పూర్తి గణిత సిద్ధాంతాన్ని సమకూర్చారు.

ఆ సిద్ధాంతపు సారాన్ని ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. ఒక సైన్యపు పుస్తకంలో రాజయ్య అనే పేరున్నదనుకొందాం. 10,000 మంది పురుషులుగల ప్రాంతపు పుస్తకంలో అతనిని వెదకాలి. అక్కడ ప్రతి 50 మందిలో ఒకని పేరు రాజయ్య అనుకొంటే మొత్తం 200 మంది రాజయ్యలు దొరుకుతారు. పేరు కలిసినంతమాత్రాన ప్రయోజనం లేదన్నమాట. పుట్టిన సంవత్సరం కూడ పోల్చితే, వయస్సులు 50 సంవత్సరాల మేర సమంగా పరచుకొని ఉన్నవనుకొన్నప్పుడు, నలుగురు మిగులుతారు. పుట్టిన తేదీ కూడ పోల్చితే, అసలు వ్యక్తి కాక మిగిలిన ముగ్గురిలో ఒకనికి అదే తేదీ పడే అవకాశం 365కు 3, అనగా నూటికి ఒకటికంటె తక్కువ. ఈ విధంగా ఒక్కొక్క అంశము కలిసినకొలది నమ్మకం పెరుగుతుంది. అరుదైన పేరు కలిస్తే నమ్మకం ఎక్కువ, సామాన్యమైన పేరు కలిస్తే తక్కువ. ఈ నమ్మకాన్ని అంకెలలో కొలవటమే ఫెలిగి, సంటర్ల సిద్ధాంతం.

లెక్క తేలికగానే కనిపిస్తుంది గాని తెలుగునాట దానికి చిక్కులు ఎక్కువ. ఒకే మనిషి ఒక కాగితంలో శ్రీనివాస్, మరొకదానిలో శ్రీనివాసులు, ఇంకొకదానిలో శీను కావచ్చు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, మరొకచోట ఒక్క అక్షరంగా ఉంటుంది. పుట్టిన తేదీ తెలియనివారికి బడిలో జనవరి 1 అనో, జూలై 1 అనో వేయటం కద్దు. అట్టి తేదీ కలిసినా దానికి విలువ తక్కువ. ఊరి పేరు కూడ నమ్మదగినది కాదు. గొల్లపల్లి అనే పేరుగల ఊళ్ళు తెలుగునాట అనేకం ఉన్నవి. మండలం, జిల్లా చేర్చి వ్రాయకపోతే ఏ గొల్లపల్లి అన్నది తేలదు.

పుట్టినరోజు లాటరీ

మాజీ సైనికుల విషయంలో అనుసంధానపు శక్తిని చాటిన పరిశోధనలలో ఒకటి మిక్కిలి సరళమైనది. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం యువకులను సైన్యానికి పిలుచుటకు 1969 డిసెంబరు 1న లాటరీ నిర్వహించింది. సంవత్సరంలోని 366 తేదీలను బిళ్ళలలో చుట్టి ఒక గాజు పాత్ర నుండి తీశారు. తరువాతి సంవత్సరాలలోను ఇట్టి లాటరీలు జరిగినవి. ముందు వచ్చిన తేదీలలో పుట్టినవారికి పిలుపు వచ్చే అవకాశం ఏర్పడింది. వెనుక వచ్చిన తేదీలవారు తప్పించుకొన్నారు.

1986లో హెర్స్ట్, న్యూమన్, హల్లీ అనే పరిశోధకులు దీనిని చక్కగా ఉపయోగించుకొన్నారు. 1950 నుండి 1952 వరకు పుట్టి, 1974–1983 మధ్య కాలిఫోర్నియా, పెన్సిల్వేనియా రాష్ట్రాలలో చనిపోయిన పురుషుల మరణపత్రాలను తీసికొన్నారు. మరణపత్రంలో పుట్టిన తేదీ ఉంటుంది. లాటరీ పట్టికలో కూడ ఉన్నది. ఆ తేదీయే రెండు పుస్తకాలను కలిపే దారమైంది. పిలుపుకు అర్హులైన తేదీలవారిలో ఆత్మహత్య మరణాలు మిగిలినవారికంటె 13 శాతం ఎక్కువని తేలింది. వాహన ప్రమాద మరణాలు 8 శాతం ఎక్కువ. పిలుపు పొందగలవారందరు సైన్యంలో చేరనే లేదు. ఐనప్పటికి ఇంత తేడా కనిపించింది. ఫలానా తేదీన పుట్టటం ఎవరి స్వభావాన్నీ మార్చదు గనుక ఈ తేడాకు సైనిక సేవయే కారణమని చెప్పుటకు ఇది బలమైన ఆధారం.

మరుసటి సంవత్సరం, 1987లో, అమెరికా వ్యాధి నివారణ కేంద్రం మరొక పరిశోధనను వెలువరించింది. వియత్నాంలో పనిచేసిన 9,324 మందిని, అదేకాలంలో ఇతరచోట్ల పనిచేసిన 8,989 మందిని 1983 చివర వరకు అనుసరించి ఎవరు జీవించి ఉన్నారో, ఎవరు చనిపోయినారో పరిశీలించారు. మొత్తంమీద మొదటి వర్గంలో మరణాలు 17 శాతం ఎక్కువ. కాని కాలాన్ని విభజించి చూసినప్పుడు అసలు సంగతి తేటపడింది. సైన్యం వదిలిన మొదటి ఐదు సంవత్సరాలలో తేడా 45 శాతం. అందులో అధికభాగం ప్రమాదాలు, ఆత్మహత్యలు, హత్యలు మొదలైన బాహ్య కారణాల మరణాలే. ఆ తరువాత రెండు వర్గాలు దాదాపు సమానమైనవి. అనగా అపాయం ఎక్కువగా ఉన్నది ఇంటికి చేరిన తొలి సంవత్సరాలలో.

అమెరికాలో 1979 నుండి సంభవించిన మరణాలన్నింటికి ఒక జాతీయ సూచిక ఏర్పడింది. పరిశోధకులు తమ జాబితాను పంపితే అందులో ఎవరు చనిపోయినారో అది తెలుపుతుంది. దీని ఆధారంగా కాప్లన్, అతని సహచరులు 2007లో ప్రకటించిన పరిశోధనలో 3,20,890 మంది పురుషులను పరిశీలించగా, మాజీ సైనికులలో ఆత్మహత్య ప్రమాదం ఇతరులకంటె సుమారు రెండు రెట్లుగా కనిపించింది.

బ్రిటను నేర్పిన పాఠం

బ్రిటనులో 2009లో నవనీత్ కపూర్, అతని సహచరులు రెండు జాబితాలను కలిపినారు. ఒకటి 1996 నుండి 2005 వరకు సైన్యం వదిలిన 2,33,803 మంది జాబితా. మరొకటి దేశంలో జరిగిన ఆత్మహత్యల జాబితా. ఉభయత్ర ఉన్నవారు 224 మంది.

ఈ 224 అనే అంకె ఎక్కువా, తక్కువా? దానంతట అది ఏమీ చెప్పదు. 1996లో వదిలిన వ్యక్తిని పది సంవత్సరాలు చూడవచ్చు. 2005లో వదిలినవానిని కొన్ని నెలలే చూడగలం. అందువలన ప్రతి వ్యక్తిని ఎంతకాలం చూశారో ఆ సంవత్సరాలన్నింటిని కూడి, ఆ మొత్తంతో మరణాలను భాగించాలి. దీనికి వ్యక్తి-సంవత్సరాల లెక్క అని పేరు. పదిమందిని ఐదేండ్లు చూసినా, యాభైమందిని ఒక్కొక్క ఏడు చూసినా 50 వ్యక్తి-సంవత్సరాలే. ఆ పిమ్మట ఒకే వయస్సు వారిని ఒకే వయస్సు వారితో పోల్చాలి.

ఇట్లు పోల్చగా వచ్చిన ఫలితం అనేకులు ఊహించినది కాదు. మొత్తంమీద మాజీ సైనికులలో ఆత్మహత్యలు సామాన్య జనంకంటె ఎక్కువ కావు. 30–49 సంవత్సరాల పురుషులలో ఇంకా తక్కువ. కాని 24 ఏండ్లలోపు యువకులలో మాత్రం రెండు మూడు రెట్లు ఎక్కువ. కొద్దికాలమే పనిచేసి, చిన్న హోదాలో ఉండి బయటికి వచ్చినవారిలో ప్రమాదం అధికం. వదిలిన తొలి రెండు సంవత్సరాలు ఎక్కువ అపాయకరంగా కనిపించినవి. అన్నిటికంటె బాధాకరమైన సంగతి మరొకటి. మరణానికి ముందు సంవత్సరంలో మానసిక వైద్యులను కలిసినవారు 20 ఏండ్లలోపువారిలో 14 శాతం, 20–24 ఏండ్లవారిలో 20 శాతం మాత్రమే. ఎవరికి సహాయం ఎక్కువ అవసరమో వారే వైద్యుని గడప అందరికంటె తక్కువగా తొక్కినారు.

2023లో ఇదే పనిని మరింత విస్తారంగా చేశారు. 1996–2018 మధ్య సైన్యం వదిలిన 4,58,058 మందిలో 1,086 మంది ఆత్మహత్య చేసుకొన్నట్లు తెలిసింది. ఫలితం మునుపటి వంటిదే: మొత్తంమీద ఎక్కువ కాదు, 25 ఏండ్లలోపువారిలో రెండు నుండి నాలుగు రెట్లు. శిక్షణ పూర్తికాకుండానే వెళ్ళిపోయినవారిలో ఎక్కువ. యుద్ధరంగానికి వెళ్ళివచ్చినవారిలో ప్రమాదం తక్కువగానే ఉన్నది.

సామాన్యుని ఊహలో ఆత్మహత్య చేసుకొనే మాజీ సైనికుడంటే భయంకర యుద్ధాలను చూసిన నడివయస్కుడు. కలిపిన పుస్తకాలు చూపినవాడు వేరు: ఇరవై ఏండ్లు దాటీ దాటకముందే, చేరిన ఉద్యోగంలో నిలువలేక, చేతిలో మరొక పని లేక ఇంటిదారి పట్టిన కుర్రవాడు. సహాయమంతా మొదటివానికే కేటాయిస్తే రెండవవాడు ఎవరి కంటా పడడు. అమెరికా, బ్రిటను ఫలితాలు వేరుగా ఉండటం కూడ గమనించదగినది. సైన్యంలో చేరేవారు, వదిలేవారు, వదిలిన తరువాత వారికి దొరికే ఆదరణ దేశదేశానికి వేరు. కనుక ఒక దేశపు ఫలితాన్ని మరొక దేశానికి అంటగట్టరాదు. ఎవరి పుస్తకాలను వారే కలుపుకొని చూడాలి.

భారతదేశపు పుస్తకాలు

పశ్చిమ గోదావరి ప్రాంతంలోని మాధవరం ప్రపంచయుద్ధాల కాలం నుండి సైనికులను పంపుతూ మిలిటరీ మాధవరమని పేరు పొందింది. ఇట్టి ఊళ్ళున్న తెలుగుదేశంలో ఆ ప్రశ్న దూరదేశపు ప్రశ్న కాదు. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం దానిని మరింత దగ్గరకు తెచ్చింది. ఆ పథకం ప్రకారం చేరిన యువకుల సేవాకాలం నాలుగు సంవత్సరాలు. వారిలో 25 శాతం వరకు మాత్రమే కొనసాగుతారు. 2023 జనవరిలో శిక్షణ ప్రారంభించిన తొలి దళాల గడువు ముగిసేది 2026–27లో. మిగిలినవారు ఇరవై ఏండ్ల ప్రాయంలోనే ఇంటికి వస్తారు. బ్రిటనులో శిక్షణ మధ్యలో వెళ్ళిపోయినవారితో వీరిని సమానంగా చూడరాదు; వీరు గడువు పూర్తిచేసి, కొంత నిధితో వచ్చేవారు. ఐనను వయస్సు, తిరిగివచ్చే తొలి సంవత్సరాలు రెండూ పరిశోధన హెచ్చరించిన భాగంలోనివే. మేలు జరిగినదో, కీడు జరిగినదో తరువాత తెలియాలంటే వారి సేవా పుస్తకానికి, మరణాల పుస్తకానికి మధ్య వంతెన ముందుగానే ఉండాలి.

భారతదేశంలో జనన మరణాల రిజిష్ట్రేషను చట్టం 1969లో వచ్చింది. 2023లో దానిని సవరించి జాతీయస్థాయిలో ఒక భాండాగారం ఏర్పాటుకు వీలు కల్పించారు. ఆత్మహత్యల వార్షిక సంపుటాలు 1967 సంవత్సరం నుండి పోలీసు లెక్కల ఆధారంగా వెలువడినవి. ఐతే 1860 నాటి శిక్షాస్మృతి 309వ సెక్షను ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా పరిగణించింది. నేరమనే భయము, పరువు పోతుందనే జంకు కలిసి అనేక కుటుంబాలచేత అసలు కారణాన్ని దాచించినవి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం అట్టివారిని తీవ్రమైన ఒత్తిడికి గురియైనవారుగా చూడవలెనన్నది. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఆ పాత సెక్షను లేదు.

దాచిన మరణాలు ఎన్ని? రిజిష్ట్రారు జనరల్ కార్యాలయపు నమూనా ప్రాంతాలలో ఇంటింటికి వెళ్ళి, మృతుని బంధువులను అడిగి, వారు చెప్పినదానిని ఇద్దరేసి వైద్యులచేత పరీక్షింపజేసే పద్ధతిని అనుసరించారు. దాని ఆధారంగా 2012లో విక్రం పటేల్, అతని సహచరులు 2010లో దేశంలో సుమారు 1,87,000 ఆత్మహత్యలు జరిగి ఉండునని అంచనా వేశారు. పోలీసు సంపుటంలో ఆ సంవత్సరపు సంఖ్య 1,34,599. పోలీసు లెక్క పురుషులలో కనీసం 25 శాతం, స్త్రీలలో కనీసం 36 శాతం తక్కువ చూపుతున్నదని వారు తేల్చారు.

తెలుగుదేశంలోనే ఇట్టి పనికి ఒక ఉదాహరణ ఉన్నది. 2003–04లో ఉభయగోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో, 1,80,162 మంది జనాభాలో, సంవత్సరకాలంలో జరిగిన 1,354 మరణాలకు గ్రామ ఆరోగ్య కార్యకర్తలు ఇదే పద్ధతిలో కారణాలు సేకరించారు. గాయాలు, ఇతర బాహ్య కారణాల వలన కలిగిన మరణాలు 13 శాతం. అంటురోగాల మరణాలు 12 శాతం. శిక్షణ ఇస్తే ఊరి కార్యకర్తలే మరణాల పుస్తకాన్ని నమ్మదగినదిగా చేయగలరని ఈ ప్రయత్నం నిరూపించింది.

తెలంగాణా అనుభవం

పుస్తకాలు కలవకపోతే ఏమవుతుందో చూచుటకు జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలకంటె వేరే ఉదాహరణ అక్కరలేదు. వరి, పసుపు పండించే రైతులు, మరమగ్గాల మీద నేతపని చేసే సిరిసిల్ల కార్మికులు, గల్ఫ్ దేశాలకు వలసపోయి వచ్చేవారు ఇక్కడ పక్కపక్కనే ఉంటారు. ఈ మూడు వర్గాలలోను ఆత్మహత్యలు పత్రికల కెక్కినవి.

రైతుల ఆత్మహత్యలను పోలీసు సంపుటాలు 1995 నుండి వేరుగా చూపినవి. 2014లో రైతులను, వ్యవసాయ కూలీలను విడదీశారు. ఆ సంవత్సరం తెలంగాణాలో రైతులు 898 మంది, కూలీలు 449 మంది, మొత్తం 1,347 అని వ్రాశారు. 2015లో రైతులు 1,358 మంది, కూలీలు 42 మంది, మొత్తం 1,400. మొత్తం ఇంచుమించు అంతే ఉన్నది. కాని కూలీల సంఖ్య ఒక్క సంవత్సరంలో పదవవంతుకు పడిపోయింది. రైతుల సంఖ్య సగం పెరిగింది. ఇంత మార్పు పొలాలలో జరిగినదనుటకంటె వరుసల నింపుటలో జరిగినదనుకొనుటే న్యాయం. మృతుని వృత్తిని పంచనామా వ్రాసేవారు విచారించి వ్రాయటమే గాని మరొక పుస్తకంతో సరిచూచుకొనే ఏర్పాటు లేకపోతే ఇట్టివి తప్పవు.

2004 జూన్‌లో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 421వ నంబరు ఉత్తరువు ద్వారా మృతుల కుటుంబాలకు లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి 50,000 రూపాయల వరకు సహాయం ప్రకటించింది. మండల, డివిజను స్థాయి సంఘాలు విచారించి అర్హతను నిర్ణయించాలి. 2015లో తెలంగాణా ప్రభుత్వం 194వ నంబరు ఉత్తరువుతో ఆ మొత్తాన్ని ఆరు లక్షలు చేసింది. ఉద్దేశం మంచిదే. కాని పహాణీలో పేరులేని కౌలుదారు, నోటిమాటమీద తెచ్చిన అప్పు కాగితాలకు అందవు. భర్తను పోగొట్టుకొన్న స్త్రీ అతడు రైతేనని కాగితాలతో ఋజువు చేయవలసివచ్చింది.

2018 ఆగస్టులో మొదలైన రైతుబీమా దీనికి భిన్నమైన మార్గం తొక్కింది. పట్టాదారు పాసు పుస్తకము, ఆధార్ సంఖ్య, జీవిత బీమా సంస్థ జాబితా ఒకటిగా కలిసినవి. 18 నుండి 59 సంవత్సరాల పట్టాదారు ఏ కారణంచేత చనిపోయినా నామినీకి ఐదు లక్షల రూపాయలు ఇస్తారు. కారణం అడగనవసరం లేదు గనుక కుటుంబానికి విచారణ బాధ తప్పింది. ఇది నిజంగా అనుసంధానపు విజయమే. ఐతే ఈ అనుసంధానం సహాయం చేరవేయుటకు ఏర్పడినది. కారణం తెలిసికొనుటకు కాదు. ఎందరు ఏ వయస్సులో, అప్పు తెచ్చిన ఎన్నాళ్ళకు, ఏ జబ్బుతో, ఏ దిగులుతో చనిపోయినారు అన్నది దానివలన తెలియదు. సొంత భూమిలేని కౌలుదారు, కూలీ, నేత కార్మికుడు ఆ పుస్తకంలో లేనే లేరు.

గల్ఫ్ నుండి తిరిగివచ్చినవాని స్థితి మాజీ సైనికుని స్థితికి మిక్కిలి దగ్గర. అతడు కూడ యౌవనంలో ఇల్లు వదలి, శిబిరాలలో బ్రతికి, కొన్నేండ్లకు తిరిగివస్తాడు. ఊరిలో స్నేహితులు చెదిరిపోయి ఉంటారు. ఏజెంటుకు కట్టుటకు తెచ్చిన అప్పు తీరి ఉండకపోవచ్చు. తొలి సంవత్సరాలే అతనికి కూడ గడ్డుకాలమా? రాకపోకల పుస్తకము, మరణాల పుస్తకము వేర్వేరుగా ఉన్నంతవరకు దీనికి జవాబు ఊహయే.

వలసిన జాగ్రత్తలు

పుస్తకాలు కలపటం రెండంచుల పని. ఎవరు మానసిక వైద్యుని కలిశారో, ఎవరి ఇంట ఆత్మహత్య జరిగినదో బయటికి పొక్కితే పెళ్ళిళ్ళు ఆగిపోవచ్చు, ఉద్యోగాలు పోవచ్చు. ఆ భయంతో మనుషులు వైద్యుని వద్దకే రాకుండా పోతారు. అందువలన అనుసంధానం చేసే పరిశోధకులు ఒక కట్టుబాటు పాటిస్తారు. పేర్లను పోల్చేవారు ఒకరు, జబ్బులను చదివేవారు మరొకరు. పోల్చటం ముగియగానే పేరు తొలగించి ఒక సంఖ్యను ఉంచుతారు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు భారతదేశంలో కూడ చట్టం వచ్చింది.

లెక్కలు ఒక్కొక్క మరణానికి కారణం చెప్పవు. ఆత్మహత్యకు సాధారణంగా ఒకే కారణం ఉండదు. జబ్బు, అప్పు, ఒంటరితనం, మద్యం, అవమానం ముడిపడి ఉంటవి. ఏ వయస్సువారికి, ఏ కాలంలో, ఎక్కడ చేయి అందించాలో మాత్రం లెక్కలు చూపుతవి. అది చిన్న ప్రయోజనం కాదు. సైన్యం వదిలిన కుర్రవానికి మొదటి రెండేండ్లు నెలకొకసారి ఎవరైనా పలకరించవలెనని చెప్పగలిగినది ఆ కలిపిన జాబితాలే.

మరణాన్ని 21 రోజులలోపల రిజిష్టరు చేయించటం, పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, మండలం అన్ని కాగితాలలో ఒకే విధంగా వ్రాయించటం, చేసిన వృత్తిని ఉన్నదున్నట్లు చెప్పటం ప్రతి కుటుంబము చేయగల పనులు. పాఠశాల ప్రవేశపు రిజిష్టరులో పుట్టిన తేదీ వ్రాసే ఉపాధ్యాయుడు ఆ జీవిత గ్రంథపు తొలి పుటలలో ఒకదానిని వ్రాస్తున్నాడు. మనస్సు కలతపడినవారు, వారి ఇంటివారు మాట్లాడుటకు 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి-మానస్ అనే ఉచిత టెలిఫోను సేవ ఉన్నది. దాని నంబరు 14416; తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరును బడి గోడమీద వ్రాసి ఉంచటం ఏ పాఠశాలకైనా సాధ్యమే.